లిస్టుల లేదంటే నీళ్లల్ల లేనట్టేనా?

అందరికీ నమస్తే. నల్లగొండోళ్లకు నీళ్ల గురించి కొత్తగ చెప్పాల్సిన పని లేదు, మర్రిగూడ, నారాయణపురం, మునుగోడు దిక్కు పోతే నీళ్లల్ల ఫ్లోరైడ్‌తోని నడుం వంగిపోయిన పెద్దమనుషులు ఇప్పటికీ కనపడ్తరు, కానీ వాళ్లు తాగిన ఆ బోరు నీళ్లు చూస్తే తేటగనే ఉండేటియి. ఫ్లోరైడ్‌కు రంగు లేదు వాసన లేదు, కాగబెడితే పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకింత చిక్కబడ్తది.

ఇప్పుడు నల్లాల కృష్ణా నీళ్లు వస్తున్నయి, మస్తు మంచి పని. ఫ్లోరైడ్ టెస్టు కూడ ఊర్లనే అయితది, చిన్న గొట్టంల నీళ్లు పోసి మందు చుక్కలేస్తే ఫ్లోరైడ్ ఎక్కువున్న కొద్దీ గులాబి రంగు పోయి పసుప్పచ్చగ తిరుగుతది, దాన్ని రంగుల కార్డు పక్కన పెట్టి చూస్తరు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాక ఉండొచ్చు, వేరే నీళ్లు దొరకకుంటే 1.5 దాక, ఇది తాగే నీళ్లకు మన దేశం పెట్టిన ప్రమాణం, ఐఎస్ 10500ల రాసుంది. మరి దాంట్ల రాయనియి ఎవరు చూడాలె?

పీఫాస్ అని ఒక జాతి రసాయనాలున్నయి, నాన్‌స్టిక్ గిన్నెలు, మంటలార్పే నురుగు, తడవని బట్టలు, వీటన్నిట్ల వాడిండ్రు, ఒకసారి నీళ్లల్ల కలిస్తే ఏండ్లకేండ్లు పోవు. మన ప్రమాణంల వాటికి హద్దే లేదు. అమెరికాల 1996ల చట్టం మార్చి, హద్దు పెట్టని రసాయనాలు 30 దాక ప్రతి అయిదేండ్లకు వెతకాలె అన్నరు. అట్ల 2013 నుంచి 2015 దాక ఆరు పీఫాస్‌లు వెతికిండ్రు, 2024ల రెండింటికి లీటరుకు 4 నానోగ్రాములని హద్దు పెట్టిండ్రు. నానోగ్రాము అంటే మిల్లీగ్రాముల పది లక్షల వంతు, చుక్కల మందుకు అది దొరకదు, పెద్ద ల్యాబు కావాలె, శాంపిల్ సీసా మూతకు టెఫ్లాన్ (నాన్‌స్టిక్ గిన్నెల పూత) ఉన్నా లెక్క తప్పుతది.

మన దగ్గర చౌటుప్పల్ దిక్కు, జడ్చర్ల పోలేపల్లి దిక్కు మందుల ఫ్యాక్టరీలున్నయి. పటాన్‌చెరుల మందుల కంపెనీల మురుగు శుద్ధి చేసి వదిలిన నీళ్లల్లనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాక సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ మందు దొరికిందని 2007ల పరిశోధకులు రాసిండ్రు, ఎవరో వెతికిండ్రు కాబట్టి దొరికింది! మన బోర్లల్ల ఏమున్నదో నేను అనుమానంగ చెప్పను, కొలవాలె అంటున్న, అంతే.

అందుకే వచ్చే గ్రామసభల తీర్మానం రాయించుర్రి. ఫ్యాక్టరీల కింది బోర్లు, చెరువులు ఏడాదికోసారి పెద్ద ల్యాబుకు పంపాలె, ఏమేం వెతికిండ్రో, ఏం వెతకలేదో రెండూ పంచాయతీ గోడ మీద తెలుగుల అతికియ్యాలె.