సౌర ఫలకాల కింద పచ్చిక

వ్యాఖ్యాత: నమస్కారం. సౌర విద్యుత్ పార్కు అనగానే చదును చేసి, కంకర పరిచి, గడ్డిపోచనైనా మొలవనివ్వని ఆవరణే చాలామందికి గుర్తొస్తుంది. అలాంటి చోట జీవవైవిధ్యం పెరుగుతుందంటే నమ్మవచ్చా అండీ?

అతిథి: నమ్మవచ్చు, కాకపోతే ఆ నేల అంతకుముందు ఎలా ఉండేదో తెలుసుకున్నాకే. అమెరికాలోని మిన్నెసోటాలో, ఒకప్పటి సాగుభూముల్లో కట్టిన రెండు సౌర కేంద్రాల్లో స్థానిక గడ్డి, పూలమొక్కల విత్తనాలు చల్లి, 2018 నుంచి 2022 వరకు పరిశోధకులు కీటకాలను లెక్కించారు. మొత్తం కీటకాలు మూడు రెట్లు, స్థానిక జాతుల తేనెటీగలు 20 రెట్లు పెరిగాయి. అవి పక్కనున్న సోయా పూల మీదకూ వెళ్లాయి.

వ్యాఖ్యాత: అయితే విత్తనాలు చల్లితే చాలన్నమాట.

అతిథి: చాలదండి. తొలి ఏళ్లలో కలుపుదే పైచేయి గనుక అది గింజ పట్టకముందే కోయించాలి. నాటిన మొక్కలు నిలదొక్కుకున్నాక మాత్రం పూలు రాలి గింజలు నేలకు చేరేదాకా కొడవలి పెట్టకూడదు. ఎత్తుగా పెరిగితే ఫలకాలపై నీడ పడి విద్యుత్తు తగ్గుతుంది కాబట్టి పొట్టి రకాలనే ఎంచుకోవాలి. గొర్రెలను మేపితే కోత ఖర్చు తగ్గుతుంది. మేకలను మాత్రం తోలకూడదు, అవి ఫలకాల మీదికెక్కుతాయి, తీగలు కొరుకుతాయి! కంచె అడుగున జానెడు సందు వదిలితే చిన్న జంతువులు వచ్చిపోతుంటాయి.

వ్యాఖ్యాత: ఫలకాల వల్లే కీటకాలకు హాని ఉందని కూడా విన్నాం.

అతిథి: ఉంది. నున్నని నల్లటి ఫలకం మీద పడి తిరిగి వచ్చే కాంతి, నీటిపై నుంచి వచ్చే కాంతిలాగే ధ్రువణం చెంది, అంటే ఎక్కువగా ఒకే దిశలో కంపిస్తూ ఉంటుంది. నీటిలో గుడ్లు పెట్టే మేఫ్లై వంటి పురుగులు ఫలకాన్ని నీరనుకుని గుడ్లు పెడతాయి, ఆ గుడ్లు ఎండి నశిస్తాయి. ఫలకాన్ని తెల్లని గీతలతో గళ్లుగా విడదీస్తే ఈ ఆకర్షణ తగ్గుతుందని 2010లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. చెరువులకు, వాగులకు దూరంగా కట్టడం అంతకన్నా తేలికని నా అభిప్రాయం.

వ్యాఖ్యాత: అంటే స్థలం ఎంపికే కీలకం అంటున్నారు.

అతిథి: చిక్కంతా అక్కడే ఉంది. కాగితాల మీద బీడుగా రాసి ఉన్న నేల చాలాసార్లు, నేల మీదే గూడు కట్టుకునే పక్షులకు ఆధారమైన పాత గడ్డిమైదానం. దాన్ని దున్నించి, పైన పూలవిత్తనాలు చల్లి సంరక్షణ అనడం నాకు సమ్మతం కాదు. ఎరువులతో అలసిన పొలాలు, మూతపడ్డ గనులు ఉండగా ఆ గడ్డిమైదానాల జోలికి ఎందుకు వెళ్లాలి?

వ్యాఖ్యాత: అనుమతి ఇచ్చేవారు ముందుగా ఏమి అడగాలి?

అతిథి: యంత్రాలు దిగకముందే, అన్ని రుతువుల్లోనూ అక్కడి మొక్కలను, పక్షులను, కీటకాలను నమోదు చేసిన వివరాలు అడగాలి. ఆ లెక్క లేకుంటే, పదేళ్ల తరువాత జీవవైవిధ్యం పెరిగిందని సంస్థ చెప్పుకున్నా పోల్చి చూడటానికి ఆధారం ఉండదు.