కూరగాయలు కడిగే తొట్టి దగ్గర జరిగే పొరపాట్లు

అందరికీ నమస్కారం.

కోసిన కూరగాయల్ని కడిగేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. మట్టి పోతుంది, నిజమే. కానీ సాల్మొనెల్లా, ఈ.కోలై లాంటి జబ్బు చేసే క్రిములు ఆకు మడతల్లో, తొడిమ ఊడిన చోట చేరాక ఎంత కడిగినా పూర్తిగా వదలవు. పైగా ఒక్క గంప నుంచి తొట్టి నీళ్లు పాడైతే, ఆ తర్వాత ముంచిన ప్రతి గంపకూ అవి అంటుకుంటాయి. అందుకే ఇవాళ తొట్టి గురించే ఎక్కువ చెప్తాను.

ముందు పొలం సంగతి రెండు ముక్కల్లో, ఈ క్రిములు పచ్చి పేడ నుంచీ వస్తాయి కాబట్టి. పచ్చి పేడ వేస్తే, తినే భాగం నేలను తాకే పంటకు కోతలోపు 120 రోజులు, తాకని పంటకు 90 రోజులు ఎడం ఉండాలి. ఇది అమెరికా సేంద్రియ సాగు నిబంధన, ఎక్కడైనా పాటించదగ్గది. అంత ఆగలేమనుకుంటే కంపోస్టు వాడండి. బారుగా పోసిన కుప్ప 15 రోజులపాటు 55 డిగ్రీలకు తగ్గకూడదు, ఆలోపు 5 సార్లు తిరగెయ్యాలి. నల్లబడింది కదా, మాగిందిలే అనుకోకండి, థర్మామీటర్ గుచ్చి చూడండి. పురుగుమందు కొడితే డబ్బా మీద ఆ పంటకు రాసిన గడువు దాటాకే కొయ్యాలి.

ఇక తొట్టి. ఎండలో కోసిన టమాటాను చల్లటి నీళ్లలో పడేస్తే లోపలి గాలి కుంచించుకుపోయి, తొడిమ చోటు నుంచి నీళ్లను పీల్చుకుంటుంది. నీళ్లతోపాటు క్రిములూ వెళ్తాయి. లోపలికి చేరినవాటిని ఏ క్లోరినూ అందుకోలేదు. నీళ్లు కాయ లోపలి వేడికన్నా 5 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. అది కుదరకపోతే కాయల్ని నీడలో చల్లారనిచ్చి కడగండి. లోతుగా ముంచొద్దు, రెండు నిమిషాలకు మించి నాననివ్వొద్దు.

తొట్టి నీళ్లలోని క్రిములు చావడానికి క్లోరిన్ కలపాలి. 100 లీటర్ల నీళ్లకు 5 శాతం సోడియం హైపోక్లోరైట్ (క్లోరిన్ ఇచ్చే ద్రావణం) 200 మిల్లీలీటర్లు కలిపితే 100 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 100 పాళ్లు, క్లోరిన్ వస్తుంది. వాసన లేని, ఆహార పదార్థాలకు వాడొచ్చని రాసి ఉన్న రకమే కొనండి. అది కలిపితే పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) పెరుగుతుంది. 8 దాటితే క్లోరిన్ ఉన్నా క్రిములు సరిగా చావవు. అలాగని దాన్ని తగ్గించడానికి యాసిడ్ ఎడాపెడా పోస్తే క్లోరిన్ గ్యాస్ లేచి కళ్లూ ముక్కూ మండుతాయి. పీహెచ్‌ను 6.5 నుంచి 7.5 మధ్య ఉంచండి. మట్టీ ఆకుముక్కలూ చేరేకొద్దీ క్లోరిన్ హరించుకుపోతుంది కాబట్టి పొద్దున కలిపింది సాయంత్రం దాకా పనిచేస్తుందనుకోవడం ఉత్త భ్రమ. క్లోరిన్ ఎంతుందో చూపే కాగితపు పట్టీతో (టెస్ట్ స్ట్రిప్) గంటగంటకూ చూడండి. నీళ్లు బురద తిరిగితే క్లోరిన్ పెంచడం కాదు, పారబోసి, తొట్టి రుద్ది కడిగి, కొత్త నీళ్లు పట్టాలి. చివర తాగే నీళ్లతో ఒకసారి తొలపాలి.

తడి ఆరాకే పెట్టెల్లో సర్దండి. ఆకుకూరలు 0 నుంచి 5 డిగ్రీల్లో ఉండాలి. వంకాయ, దోసకాయలను 10 డిగ్రీలకన్నా, పచ్చి టమాటాలను 12 డిగ్రీలకన్నా తక్కువలో రోజులకొద్దీ ఉంచితే గుంటలు పడతాయి. బయటికి తీశాక త్వరగా కుళ్లుతాయి. ఇవన్నీ ఒకే గదిలో పెడితే ఏదో ఒకటి నష్టపోవాల్సిందే.