పుష్కరాల లెక్కకు మార్కు ఎందుకు వేయలేదు?

వేదిక మీది పెద్దలకు, హెడ్‌మాస్టరు గారికి, తోటి టీచర్లకు, పిల్లలకు నమస్కారం. ఈరోజు సైన్స్ దినోత్సవం. రామన్ గారి గురించి ముందు మాట్లాడినవాళ్లు చక్కగా చెప్పారు. నేను గ్రహాల గురించి, ముఖ్యంగా ఒక మార్కు గురించి మాట్లాడతాను.

నేను పనిచేసిన ఒక స్కూల్లో యూనిట్ టెస్టుకి, గురుగ్రహం సూర్యుణ్ణి చుట్టిరావడానికి ఎంతకాలం పడుతుందని అడిగారు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ‘సుమారు పన్నెండేళ్లు, అందుకే గోదావరి పుష్కరాలు పన్నెండేళ్లకోసారి వస్తాయి’ అని రాసింది. కీలో 11.86 అని ఉంది. మార్కు కొట్టేశారు. పైగా ‘పుష్కరాలు’ కింద ఎర్ర ఇంకుతో గీత గీసి, పక్కన ‘అనవసరం’ అని రాశారు.

అనవసరమా, మాస్టారూ? మిగతా పిల్లలు బుధుడికి 88 రోజులు, కుజుడికి 687, శనికి ఇరవైతొమ్మిదిన్నర ఏళ్లు అని టేబుల్ బట్టీపట్టారు. ఆకాశంలో గురువు కదులుతున్నాడని తెలిసి రాసింది ఆ పిల్ల ఒక్కతే!

గురువు సింహరాశిలోకి వస్తే గోదావరికి, కన్యలోకి వస్తే కృష్ణకు పుష్కరాలు. గోదావరి పుష్కరాలు 2003లో జూలై 30న మొదలయ్యాయి, 2015లో జూలై 14న. 2027లో జూన్ 26 అంటున్నారు. చూశారా, తేదీ ముందుకు జరుగుతోంది. గురువు చుట్టు పన్నెండేళ్లకు కాస్త తక్కువని క్యాలెండరే చెబుతోంది. మనం నిలబడి చూసే భూమి కూడా తిరుగుతోంది కాబట్టి ఆ జరుగుడు ప్రతిసారీ ఒకేలా ఉండదు.

ఆర్యభటుడు 43,20,000 ఏళ్లలో గురువు 3,64,224 చుట్లు తిరుగుతాడన్నాడు. భాగించండి, 11.86 వస్తుంది. టెలిస్కోపు రావడానికి వెయ్యేళ్లకు పైగా ముందు మాట అది.

గ్రహం దూరానికీ, అది చుట్టిరావడానికి పట్టే కాలానికీ ఉన్న లెక్క చెప్పే కెప్లర్ సూత్రం వివరంగా చెబుదామనుకున్నాను, టైము చాలదు. ఒక్క లెక్క చాలు. సూర్యుడికి భూమి ఉన్న దూరానికి 5.2 రెట్ల దూరంలో గురువు ఉన్నాడు. 5.2ను మూడుసార్లు వేసి హెచ్చిస్తే దాదాపు 140.6. దాని వర్గమూలం మళ్లీ అదే 11.86! దూరం తెలిస్తే కాలం తెలిసిపోతుంది. 1995లో మేయర్, క్వెలోజ్ అనే ఇద్దరు ఖగోళ శాస్త్రవేత్తలు 51 పెగాసి అనే నక్షత్రం దగ్గర ఒక గ్రహాన్ని కనిపెట్టారు. భూమికీ సూర్యుడికీ మధ్య దూరంలో ఇరవయ్యో వంతులోనే ఉంది అది. అక్కడ ఏడాదంటే నాలుగు రోజుల చిల్లర.

టీచర్లూ, మిమ్మల్ని బతిమాలుతున్నాను. సాయంత్రాలు గురువు కనిపించే నెలల్లో పిల్లల్ని డాబా మీదికి తీసుకెళ్లండి. పక్కన ఏ చుక్క ఉందో కాగితం మీద గుర్తు పెట్టించండి. కొన్ని నెలలు వెనక్కి నడిచినట్టు కనిపిస్తాడు, కంగారుపడొద్దు. ఏడాది తర్వాత అదే రోజుల్లో మళ్లీ చూస్తే చెయ్యి చాపి పట్టుకున్న పిడికిళ్లు మూడింటి దూరం జరిగి ఉంటాడు. హెడ్‌మాస్టరు గారూ, ఆ రాత్రుళ్లు డాబా తాళం తీయించే ఏర్పాటు ఈ సభలోనే ప్రకటించండి.