ఆకు ముందు, పండు తరువాత: పేగులకు హితమైన సలాడ్

సభకు నమస్కారం.

ఆకుకూరలు, పండ్లు కలిపి సలాడ్ చేయమంటే ఎక్కువమంది గిన్నె నిండా పండ్ల ముక్కలు వేసి, పైన నాలుగు ఆకులను అలంకారంగా చల్లుతారు. నా ఉద్దేశంలో ఈ అమరిక తలకిందులు కావాలి. గిన్నెలో పెద్దపీట ఆకుది. ఆ ఆకును ఇష్టంగా తినిపించడానికే పండు అక్కడ ఉంటుంది. పేగుల ఆరోగ్యానికి ఈ పద్ధతి ఎందుకు మంచిదో, రుచి చెడకుండా దీన్ని ఎలా పాటించవచ్చో వివరిస్తాను.

ముందుగా ఒక చిక్కును దాచకుండా చెప్పాలి. పీచు ఒక్కటే కొలమానమైతే పోటీలో ఆకు వెనకబడుతుంది. వంద గ్రాముల పచ్చి పాలకూరలో పీచు సుమారు 2 గ్రాములు. అంతే బరువున్న కివీలోనో బేరిపండులోనో దాదాపు 3 గ్రాములు ఉంటుంది. పెద్దవారు రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు, 25 గ్రాముల పీచు తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది; ఒక్క గిన్నె సలాడ్‌తో ఆ లెక్క తీరదు. అయినా ఆకునే ముందు నిలపడానికి కారణం ఉంది. వంద గ్రాముల యాపిల్‌లో దాదాపు 10 గ్రాముల చక్కెరలు ఉంటాయి, పాలకూరలో అర గ్రాము కూడా ఉండదు. యాపిల్, బేరి వంటి పండ్లలో ఫ్రక్టోజ్ అనే పండ్ల చక్కెర ఎక్కువ, దానికి తోడు సార్బిటాల్ అనే మరో తీపి పదార్థం కూడా ఉంటుంది. వీటిలో చిన్నపేగు పీల్చుకోలేక వదిలేసిన భాగం పెద్దపేగుకు చేరి అక్కడి సూక్ష్మజీవుల చేతిలో పులుస్తుంది. సున్నితమైన పేగులున్నవారికి పండ్ల సలాడ్ తిన్న కాసేపటికి కడుపు ఉబ్బరించడం వెనుక తరచుగా ఉండే సంగతి ఇదే.

పులవడం దానంతట అది చెడ్డది కాదు. మన జీర్ణరసాలకు లొంగని పీచును పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెట్టినప్పుడు ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలు తయారవుతాయి; వీటిలో బ్యూటిరేట్ పెద్దపేగు లోపలి పొరలోని కణాలకు ముఖ్యమైన ఇంధనం. ఆకుల పచ్చదనాన్ని మోసే పొరలలో సల్ఫోక్వినోవోజ్ అనే గంధకపు చక్కెర ఉంటుంది, దాన్ని ఆహారంగా వాడుకునే బ్యాక్టీరియా మన పేగుల్లోనే ఉన్నాయి. పండులోని పెక్టిన్ ఒక రకం పీచు, ఆకులోని సెల్యులోజ్ మరో రకం. రెండూ ఉంటేనే వేర్వేరు సూక్ష్మజీవులకు మేత దొరుకుతుంది. వారానికి ముప్పైకి పైగా మొక్కజాతి ఆహారాలు తినేవారి పేగుల్లో, పది లేదా అంతకన్నా తక్కువ తినేవారికంటే సూక్ష్మజీవుల వైవిధ్యం ఎక్కువగా కనబడిందని పేగు సూక్ష్మజీవులను పరిశీలించే అమెరికన్ గట్ ప్రాజెక్ట్ అనే అధ్యయనం 2018లో వెల్లడించింది. ఇది సంబంధమే తప్ప కారణానికి రుజువు కాదు, కాని వారానికో కొత్త ఆకు, కొత్త గింజ చేర్చుకోవడంలో నష్టం లేదు.

ఇక తయారీ. ఇద్దరికి నాలుగు పెద్ద గుప్పెళ్ల ఆకు, ఒకటిన్నర గుప్పెడు పండ్ల ముక్కలు, గుప్పెడు గింజలు చాలు. మెత్తని లేత పాలకూరకు కరకరలాడే లెట్యూస్‌నో, సన్నగా తరిగిన క్యాబేజీనో జోడిస్తే నమలడం పెరుగుతుంది. నమలడం జీర్ణక్రియలో తొలి మెట్టు కనుక దీన్ని చిన్న విషయంగా చూడకూడదు. పండ్లలో నారింజ, కివీ, స్ట్రాబెర్రీ సున్నితమైన పేగులకు సాధారణంగా ఇబ్బంది కలిగించవు. మలబద్ధకం ఉన్నవారికి రోజుకు రెండు ఆకుపచ్చ రకం కివీలు మేలు చేస్తాయని పరీక్షల్లో తేలింది.

కడగడం విషయంలో మాత్రం రాజీ వద్దు. 2006లో అమెరికాలో పచ్చి పాలకూర ద్వారా ఇ. కోలై అనే బ్యాక్టీరియా వ్యాపించి అనేక రాష్ట్రాల్లో జనం జబ్బుపడ్డారు, మరణాలు కూడా సంభవించాయి. పాడైన ఆకులు తీసేసి, మిగిలినవాటిని పారే నీటి కింద విడివిడిగా కడగాలి, సబ్బు వాడకూడదు. పండును కోయకముందే కడగాలి, లేకపోతే తొక్క మీది మురికిని కత్తే లోపలికి చేరవేస్తుంది. కడగడం క్రిములను తగ్గిస్తుందే కాని పూర్తిగా తొలగించదు కాబట్టి గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ఆకును ఉడికించి తినడమే క్షేమం. కడిగిన ఆకును శుభ్రమైన గుడ్డ మీద పూర్తిగా ఆరనివ్వాలి, ఎందుకంటే తడి ఆకుకు నూనె పట్టదు.

నూనె మానేస్తే మంచిదనుకునేవారితో నేను ఏకీభవించను. ఆకులోని బీటా కెరోటిన్, ల్యూటిన్, విటమిన్ కె శరీరానికి అందాలంటే కొవ్వు తోడు కావాలి. 2004లో అయోవా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొవ్వులేని డ్రెసింగ్‌తో (సలాడ్‌లో కలిపే రసంతో) సలాడ్ తిన్నవారిలో బీటా కెరోటిన్ వంటి కెరోటినాయిడ్లు రక్తంలోకి దాదాపుగా చేరలేదని చూపారు. రెండు చెంచాల ఆలివ్ నూనె, ఒక చెంచా నిమ్మరసం, చిటికెడు ఉప్పు మూతసీసాలో వేసి గట్టిగా గిలకొడితే డ్రెసింగ్ సిద్ధం. ఉప్పు ఆకులోని నీటిని బయటికి లాగుతుంది, పులుపు పచ్చదనాన్ని మందగింపజేస్తుంది. అందుకే దీన్ని వడ్డించే క్షణంలోనే కలపాలి. కోసిన యాపిల్ ముక్కలకు మాత్రం నిమ్మరసం వెంటనే రాయాలి, అది ముక్కలు నల్లబడటాన్ని ఆలస్యం చేస్తుంది.

జీవమున్న బ్యాక్టీరియా కలిగిన పెరుగును డ్రెసింగ్‌గా వాడటం నాకు మరింత ఇష్టం. 2021లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు 36 మందిపై చేసిన ప్రయోగంలో పులిసిన ఆహారాలు తిన్న బృందంలో పేగు సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది; పీచు మాత్రమే పెంచిన బృందంలో ఆ కొద్ది వారాల్లో అలాంటి పెరుగుదల కనిపించలేదు. అయితే కివీ, అనాస, బొప్పాయిలలో మాంసకృత్తులను విడగొట్టే ఎంజైములు ఉంటాయి. వాటిని పెరుగుతో కలిపి కాసేపు ఉంచితే చేదెక్కుతుంది. కలిపిన వెంటనే తింటే ఆ బెడద లేదు. భోజనంతో పాటు పండు తింటే అది కడుపులో కుళ్లిపోతుందన్న ప్రచారానికి ఆధారం లేదని కూడా ఇక్కడే చెప్పాలి. జీర్ణాశయంలోని గాఢమైన ఆమ్లం అందుకు అవకాశమివ్వదు.

కొందరికి హెచ్చరికలు అవసరం. రక్తం పలుచబరిచే వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలను ఒక్కసారిగా పెంచకూడదు, తగ్గించకూడదు; వాటిలోని విటమిన్ కె ఆ మందు పనితీరును మారుస్తుంది కాబట్టి వైద్యుడికి చెప్పి, తినే ఆకుకూరల మోతాదును నిలకడగా ఉంచుకోవాలి. మూత్రపిండాల్లో ఆక్సలేట్ రాళ్ల బాధ ఉన్నవారు, ఆక్సలేట్ ఎక్కువగా ఉండే పాలకూర బదులు లెట్యూస్ వాడుకోవచ్చు. ఇంతకాలం పీచు తక్కువగా తిన్నవారు చిన్న గిన్నెతో మొదలుపెట్టి, కొన్ని వారాల్లో మెల్లగా పెంచుతూ, తగినంత నీరు తాగాలి.

డ్రెసింగ్ కలిపిన సలాడ్ మిగిలితే అది మర్నాటికి వాడిపోతుంది, కనుక తినగలిగినంతే కలపండి. కలపని ఆకును పొడి గుడ్డ పరిచిన మూత డబ్బాలో, 5 డిగ్రీలకు మించని చల్లదనంలో ఉంచితే మర్నాడు కూడా తాజాగానే ఉంటుంది. కోసిన పండును మాత్రం గది ఉష్ణోగ్రతలో రెండు గంటలకు మించి ఉంచవద్దు.