డొమైన్ ఎవరి పేరు మీద ఉంది?

అందరికీ నమస్కారం. భోజనాల టైమ్ దగ్గరపడింది. పైగా ఈ సబ్జెక్టు వింటే నిద్రొస్తుందని నాకూ తెలుసు. అందుకే మా పిన్ని సంగతితో మొదలుపెడతాను.

మా పిన్ని పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. మొదట్లో తెలిసినవాళ్లకే ఇచ్చేది. తర్వాత అమెరికా నుంచీ ఆర్డర్లు రావడంతో, తెలిసిన కుర్రాడొకడు వెబ్‌సైట్ చేసిపెట్టాడు. డొమైన్, అంటే ఆ డాట్‌కామ్ పేరు కూడా తనే కొన్నాడు. మూడేళ్లు బాగానే నడిచింది. సరిగ్గా ఆవకాయ సీజన్‌లో ఒకరోజు పొద్దున్నే సైట్ తెరుచుకోలేదు. మెయిళ్లూ రావడం లేదు. పిన్ని ఫోన్ చేసి, "కరెంటు బిల్లు కట్టకపోతే ఫ్యూజు పీకినట్టు పీకేశార్రా! డబ్బులు కట్టాం కదా?" అంది. నిజమే, కట్టింది. గడువు ఇంకా ఏడు నెలలుంది.

ఆరా తీస్తే తేలింది ఇదీ. ఆ కుర్రాడు ఉద్యోగం వచ్చి కెనడా వెళ్తూ, యజమాని వివరాల్లో తన పేరు తీసేసి పిన్ని పేరు, పిన్ని మెయిల్ ఐడీ పెట్టాడు. మంచి పనే చేశాడు. కానీ మెయిల్ ఐడీలో ఒక అక్షరం తప్పు కొట్టాడు. వివరాలు మారాయి కాబట్టి, డొమైన్ అమ్మిన కంపెనీ "ఈ మెయిల్ మీదేనా? ఈ లింక్ నొక్కి చెప్పండి" అని రాసింది. అది పిన్నికి చేరలేదు. పదిహేను రోజులు చూసి పేరును ఆపేసింది.

నాకు చాలా కోపం వచ్చింది. తర్వాత నిబంధనలు చదివితే సగం తగ్గింది. డాట్‌కామ్, డాట్‌నెట్ లాంటి పేర్ల వ్యవహారం చూసేది ఐకాన్ అనే సంస్థ. 1998లో కాలిఫోర్నియాలో పెట్టారు. పేర్లు అమ్మే కంపెనీలను రిజిస్ట్రార్లు అంటారు. 2013లో వాళ్లతో ఐకాన్ చేసుకున్న ఒప్పందం ప్రకారం, మీరు కొత్తగా పేరు తీసుకున్నా, ఒక రిజిస్ట్రార్ నుంచి ఇంకో రిజిస్ట్రార్‌కి మార్చుకున్నా, యజమాని వివరాలు మార్చినా, మీ మెయిలో ఫోనో పనిచేస్తోందని 15 రోజుల్లో వాళ్లు తేల్చుకోవాలి. మీ దగ్గర్నుంచి జవాబు లేకపోతే తామే విచారించి నిర్ధారించుకోవాలి, లేదా పేరును ఆపాలి. దొంగ పేర్లతో డొమైన్లు కొని జనాన్ని ముంచేవాళ్లు పెరిగాక వచ్చిన కట్టుబాటు ఇది. ఇక మిగతా సగం కోపం ఎందుకంటారా? పిన్ని ఫోన్ నంబరు వాళ్ల దగ్గర కరెక్టుగానే ఉంది. ఒక్క ఫోన్ కొట్టలేదు.

మనకి రిజిస్ట్రేషన్ అంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, స్టాంపు పేపర్లు, ఇద్దరు సాక్షులు. ఒకసారి అయిపోతే తరతరాలకీ మనదే. డొమైన్ రిజిస్ట్రేషన్ అలాంటిది కాదండీ, అది కౌలు. డాట్‌కామ్ అయితే ఒక్క విడతలో పదేళ్లకు మించి ఇవ్వరు. దస్తావేజు ఉండదు. రిజిస్ట్రార్ దగ్గర యజమాని అనే గడిలో ఎవరి పేరుంటే వాళ్లదే కౌలు. డిజైనర్ తన పేరు రాసుకుంటే, పదేళ్లుగా డబ్బులు మీరే కడుతున్నా, కాగితం మీద అది ఆయనదే. ఇక్కడున్నవాళ్లలో ఎంతమందిది అలా ఉందో అడగను. అడిగితే భోజనాలు ఎవరికీ సయించవు.

కౌలు గడువు ముగిసే ముందు నెలరోజులప్పుడు ఒకటి, వారం ముందు ఒకటి గుర్తుచేస్తూ రిజిస్ట్రార్ నోటీసు పంపాలి. గడువు దాటిన అయిదు రోజుల్లోపు ఇంకోటి. అవన్నీ యజమాని వివరాల్లో ఉన్న మెయిల్ ఐడీకే వస్తాయి. కట్టకపోతే కొన్నాళ్లకి పేరు రద్దవుతుంది. ఆ తర్వాత కూడా 30 రోజుల పాటు విడిపించుకోవచ్చు, కాకపోతే అదనంగా బాగా వదుల్తుంది. అదీ దాటితే మరో అయిదు రోజులకి పేరు సంతలోకి వచ్చేస్తుంది. పెద్దవాళ్లకి ఇలా జరగదనుకోకండి. 1999 క్రిస్మస్ ముందు మైక్రోసాఫ్ట్ తన పాస్‌పోర్ట్ డాట్‌కామ్‌కి డబ్బు కట్టడం మర్చిపోయింది. హాట్‌మెయిల్ లాగిన్ దాని మీదే నడిచేది. జనం మెయిళ్లు తెరవలేక అల్లాడుతుంటే, మైఖేల్ చానీ అనే అమెరికన్ ప్రోగ్రామర్ సమస్య కనిపెట్టి, తన కార్డుతో 35 డాలర్లు కట్టేశాడు!

మా ఊరి హోటలాయన ఒకాయన తన డొమైన్ మెయిల్‌నే, అంటే ఇన్ఫో ఎట్ ఫలానా డాట్‌కామ్‌నే, ఆ డొమైన్ యజమాని మెయిల్‌గా ఇచ్చాడు. పేరు ఆగితే ఆ మెయిలూ ఆగుతుంది. ఇక ధ్రువీకరణ లింక్ ఎక్కడికి రావాలి? బీరువా తాళం చెవి బీరువాలోనే పెట్టి తలుపేసినట్టు! మీరు రోజూ చూసే, వేరే డొమైన్‌లో ఉన్న మెయిల్ ఇవ్వండి.

2018 మే నుంచి, యూరప్ గోప్యతా చట్టం వచ్చాక, డొమైన్ ఎవరిదో చూపించే హూయిజ్ అనే జాబితాలో వెతికినా మామూలు మనుషుల ఫోన్, చిరునామా చాలావరకు కనపడవు. అలాగని రిజిస్ట్రార్‌కి ఏదో ఒకటి రాసిచ్చేస్తే కుదరదు. కావాలని తప్పుడు వివరాలిచ్చినా, వివరాల గురించి అడిగితే పదిహేను రోజుల్లో జవాబివ్వకపోయినా, పేరును ఆపడానికీ రద్దు చేయడానికీ వాళ్లకి అధికారం ఉంటుంది. మన దేశపు డాట్ ఇన్ పేర్లు చూసేది నిక్సీ అనే సంస్థ. దాని నిబంధనలు వేరుగా ఉంటాయి, డాట్ ఇన్ పేరు తీసుకునేటప్పుడు చదువుకోండి.

ఇప్పుడు దొంగ మెయిళ్ల సంగతి. "మీ డొమైన్ రేపే రద్దు, వెంటనే కార్డు వివరాలివ్వండి" అని వచ్చిందంటే మోసమే. ధ్రువీకరణకి డబ్బు కట్టక్కర్లేదు. ఏ మెయిల్ వచ్చినా లింక్ నొక్కకుండా, మీరే రిజిస్ట్రార్ సైట్ తెరిచి ఖాతాలోకి వెళ్లి చూసుకోండి. నకిలీ సైట్ల బెడద వల్లే రిజర్వు బ్యాంకు మన బ్యాంకులన్నిటినీ 2025 అక్టోబర్ 31 కల్లా డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కి మారమంది. ఆ పేర్లు ఇచ్చే ఏకైక రిజిస్ట్రార్ మన హైదరాబాద్‌లో రిజర్వు బ్యాంకు పెట్టిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ. బ్యాంకు కానివాళ్లకి అక్కడ ఆ పేరు దొరకదు.

మా పిన్ని సైట్ సంగతి చెప్పలేదు కదూ. కెనడాలో అర్ధరాత్రి ఆ కుర్రాణ్ని లేపి, ఖాతాలో అక్షరం దిద్దించి, మళ్లీ మెయిల్ పంపించమన్నాం. లింక్ నొక్కాక సాయంత్రానికి సైట్ వచ్చేసింది. అప్పట్నుంచి ఏ మెయిల్ వచ్చినా పిన్ని "ఇది నొక్కనా, వద్దా?" అని ఫోన్ చేస్తుంది. నేను వద్దంటాను. కిందటి నెల అసలైనదే వచ్చింది, మీ వివరాలు ఓసారి సరిచూసుకోండని రిజిస్ట్రార్లు ఏడాదికోసారి పంపేది. నన్ను అడక్కుండానే డిలీట్ కొట్టేసింది. ఏం ఫర్వాలేదు. వివరాలు సరిగ్గా ఉంటే దానికి జవాబివ్వక్కర్లేదు. సరిగ్గానే ఉన్నాయి, నేను చూశాను.