ఉద్దానం తోటలో టెంటు బస: వచ్చే ముందు అడగవలసిన మాటలు

సంధాత: శ్రోతలందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, సోంపేట వైపు, జీడి, కొబ్బరి చెట్ల నడుమ తన సొంత తోటలో టెంట్లు వేసి, వచ్చినవారికి రాత్రి బస, భోజనం సమకూర్చే ఒక మహిళా రైతుతో ఈ రోజు మాట్లాడుతున్నాను. నేనూ ఆ తోటలో బస చేసినవాడినే. అక్కా, ఈ పని ఎలా మొదలైంది?

రైతు: నమస్కారం తమ్ముడూ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా కొబ్బరిచెట్లు చాలావరకు కూకటివేళ్లతో కూలిపోయాయి, నిలిచినవాటికి మొవ్వులు విరిగిపోయాయి. దేశవాళీ కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది కాబట్టి, అంతవరకూ ఇల్లు గడవడానికి మరో ఆదాయం కావలసి వచ్చింది. మా వైపు పొట్ట చేతపట్టుకుని వలస పోవడం కొత్త కాదు గానీ, బతికిన చెట్లను వదిలి వెళ్లడానికి మాకు మనసు ఒప్పలేదు.

సంధాత: మీ టెంట్లన్నీ జీడిచెట్ల పక్కనే కనిపిస్తాయి, కొబ్బరి కింద ఒక్కటీ ఉండదు.

రైతు: కొబ్బరి కింద మనిషిని పడుకోబెట్టడం మహా ప్రమాదం. గాలి లేకపోయినా ఎండిన మట్ట జారిపడుతుంది, కాయ రాలుతుంది. ఇక మాది ఇసుక నేల. టెంటుతో వచ్చే చిన్న ఇనుప మేకులు ఇందులో పట్టు నిలవవు. అందుకని ఖాళీ ఎరువుల సంచిలో ఇసుక నింపి, మూతి బిగించి, మోకాలి లోతు గొయ్యిలో పాతి, తాడును ఆ సంచికే కడతాం. టెంటు కింద పరిచే టార్పాలిన్ అంచు బయటికి రాకుండా లోపలికి మడవాలి, లేకపోతే వాన నీళ్లు దాని మీదుగా జారి పడక కిందికే చేరుతాయి.

సంధాత: ఈ సంచుల సంగతి నాకు ఎంతో నచ్చింది. రంగుల దీపాల ఫొటోలు చూసి బస ఎంచుకునేవారు, తాళ్లు దేనికి కట్టారని అడిగితే ఆ నిర్వాహకుడికి ఎంత తెలుసో వెంటనే అర్థమవుతుంది. పాముల గురించి కూడా చెప్పండి, అందరికీ ఉండే భయమే కదా.

రైతు: భయం కంటే జాగ్రత్త అవసరం. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద నిద్రపోయేవారిని కరుస్తుంది, చాలాసార్లు నొప్పిగానీ వాపుగానీ తెలియదు. కాబట్టి టెంటు జిప్పు పగలూ రాత్రీ మూసే ఉంచాలి, చెప్పులు లోపలే పెట్టుకోవాలి, బాత్రూముకు వెళ్లేటప్పుడు టార్చిలైటు వేసుకుని నడవాలి. పొరపాటున కాటు పడితే కోయడం, కట్టు బిగించడం, నాటుమందు పూయడం వంటివి చేయకుండా, మనిషిని కదలనీయకుండా 108కి ఫోను చేసి ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి. విషానికి విరుగుడు మందు తమకు దగ్గరలో ఎక్కడ దొరుకుతుందో బస ఇచ్చేవారికి ముందే తెలిసి ఉండాలి.

సంధాత: ఎలుగుబంట్ల మాటేమిటి?

రైతు: జీడిపండ్లు, పనసపండ్లు ముగ్గే వేసవిలో అవి తోటల్లోకి వస్తాయి. మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మనుషుల మీద దాడులు కూడా జరిగాయి. అందుకే ఆ నెలల్లో మేము టెంట్లు వేయం, ఎంత ఇస్తామన్నా వేయం.

సంధాత: ఉద్దానం అనగానే కిడ్నీ జబ్బు గుర్తొచ్చి, తాగునీటికి వెనుకాడేవారున్నారు.

రైతు: ఆ ప్రశ్న అడిగితే నాకు కోపం రాదు, బాధ మాత్రం ఉంటుంది. జబ్బుకు కారణం ఇదేనని పరిశోధకులు ఇంకా తేల్చలేదు. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని శుద్ధి చేసి గొట్టాల ద్వారా తెచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. మేము ఆ కుళాయి నీళ్లే కాచి, చల్లార్చి, అతిథులకూ ఇస్తాం, మేమూ తాగుతాం. ఒకే బిందె. పొద్దున్న చోడి (రాగి) అంబలి, మధ్యాహ్నం పనసపొట్టు కూర, దొరికిన రోజున చేపల పులుసు, అన్నీ మా పొయ్యి మీదివే.

సంధాత: ఆ పనసపొట్టు కూర రుచి గురించి మొదలుపెడితే ఎపిసోడ్ చాలదు. ఏ కాలంలో రావాలి?

రైతు: డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. మంచు ఎక్కువ కాబట్టి టెంటు పైన గాలి కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి, లేకపోతే ఊపిరి తేమ లోపలి గుడ్డకు పట్టి, తెల్లారేసరికి దుప్పట్లు తడుస్తాయి. ఆ రోజుల్లో బారువ తీరానికి సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రి వెలుతురుకు అవి బెదిరి వెనుదిరుగుతాయి కాబట్టి, ఇసుక మీద మంటలు, లైట్లు, పాటల పెట్టెలు వద్దని మొదటి ఫోనులోనే చెప్పేస్తాను.

సంధాత: తుఫాను హెచ్చరిక వస్తే?

రైతు: బస రద్దు చేసి, కట్టిన డబ్బు పూర్తిగా వెనక్కి ఇస్తాం. “ఇంకా చినుకైనా పడలేదు కదమ్మా” అని కొందరు నొచ్చుకుంటారు. తిత్లీ చూసినవాళ్లం, ఈ విషయంలో బేరం లేదు తమ్ముడూ. అప్పటికే వచ్చినవారుంటే మా డాబా ఇంట్లో పడుకోబెట్టి, దారులు తెరిచి ఉండగానే కంచిలిలోని సోంపేట స్టేషనుకు చేర్చి, రైలు ఎక్కించి వస్తాం.