పాత్‌లో రెండు చుక్కలు

అందరికీ నమస్కారం. నా తప్పుతోనే మొదలుపెడతాను.

రోజూ రాత్రి లాగ్ ఫైల్ చదివి లెక్క తీసే చిన్న సీ ప్రోగ్రామ్ రాశాను. పాత్, అంటే ఫైల్ ఎక్కడుందో చెప్పే చిరునామా, "డేటా/లాగ్" అని ఇచ్చాను. టెర్మినల్‌లో పదిసార్లు నడిపితే పదిసార్లూ పనిచేసింది. చెప్పిన టైముకి ప్రోగ్రామ్‌లు నడిపే క్రాన్‌లో పెట్టి పడుకున్నాను. పొద్దున్న చూస్తే ఫైల్ లేదట! ఫైల్ ఉన్నచోటే ఉంది. క్రాన్ మాత్రం ప్రోగ్రామ్‌ని నా హోమ్ డైరెక్టరీ నుంచి నడిపింది. అక్కడ "డేటా" ఫోల్డరే లేదు.

అందుకని సెటప్ చేసేటప్పుడే పూర్తి పాత్ కట్టి కాన్ఫిగ్‌లో రాసిపెడదామనుకున్నాను. గెట్‌సీడబ్ల్యూడీ ఫంక్షన్‌తో ప్రోగ్రామ్ నడుస్తున్న ఫోల్డర్ కనుక్కుని, స్లాష్ పెట్టి, పేరు అతికించాను. మధ్యలో ".." (ఒక ఫోల్డర్ పైకి అని అర్థం) కనిపిస్తే దాన్నీ, దాని ముందున్న పేరునూ కొట్టేశాను. ఇదిగో, ఇక్కడే దెబ్బతిన్నాను.

"/వెబ్/కరెంట్/../కాన్ఫిగ్" తీసుకోండి. నా లెక్కలో అది "/వెబ్/కాన్ఫిగ్". కానీ "కరెంట్" అసలు ఫోల్డర్ కాదు, "/రిలీజ్/5"కి పెట్టిన సిమ్‌లింక్, అంటే వేరే చోటికి దారి చూపే లింక్. ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ కెర్నెల్ ముందు లింక్ దాటి, ఆ తర్వాత ఒక మెట్టు పైకెక్కుతుంది. చేరేది "/రిలీజ్/కాన్ఫిగ్"కి. డిస్క్ చూడకుండా స్ట్రింగ్ ఒక్కటే చూసి ఇది చెప్పడం ఎవరివల్లా కాదు.

ఈ పని రియల్‌పాత్‌కి వదిలేయండి. డిస్క్ చూసి, లింకులు దాటి, అసలు పూర్తి పాత్ ఇచ్చే ఫంక్షన్ అది. రెండో ఆర్గ్యుమెంట్‌గా నల్ (ఖాళీ పాయింటర్) ఇస్తే కావలసినంత మెమరీ అదే తీసుకుంటుంది. యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్‌లో 2008 నుంచి ఇది స్టాండర్డే. పనయ్యాక ఆ మెమరీని ఫ్రీ చేయడం మన వంతు. 4096 బైట్ల బఫర్ పెట్టుకుని టెన్షన్ పడే రోజులు పోయాయి.

దీంతో ఒక చికాకు ఉంది. ఫైల్ ఇంకా పుట్టకపోతే పాత్‌కి బదులు నల్ తిరిగి ఇస్తుంది. కొత్తగా రాయబోయే ఫైలైతే దాని ఫోల్డర్‌ను మాత్రం రియల్‌పాత్‌కి ఇచ్చి, పేరు మనమే చివర తగిలించాలి. పాత్ నుంచి ఫోల్డర్ భాగం తీయడానికి డిర్‌నేమ్ ఫంక్షన్ వాడితే మాత్రం పాత్ కాపీ ఇవ్వండి, అది మనమిచ్చిన స్ట్రింగ్‌నే మార్చేయొచ్చు. విండోస్‌లో పూర్తి పాత్ కట్టడానికి అండర్‌స్కోర్ ఫుల్‌పాత్ అనే ఫంక్షన్ ఉంది కానీ, అది లింకులూ చూడదు, ఫైల్ ఉందో లేదో కూడా చూడదు.

ఇంకొకటి. పాత్ "/హోమ్/రవి" లోపలే ఉందా అని మొదటి అక్షరాలు పోల్చి ఊరుకుంటే "/హోమ్/రవికుమార్" కూడా లోపలికి దూరిపోతాడు. "రవి" తర్వాత స్లాష్ ఉందా, స్ట్రింగ్ అక్కడే ముగిసిందా అన్నది కూడా చూడాలి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.